మంద్ర తీగకు శిష్యరికం

ఈ ప్రసంగాన్ని ఒక పొరపాటుతో ప్రారంభిస్తాను. అది నాదే. పదిహేనేళ్ల క్రితం, ఈ ఉద్యోగంలో నేనింకా కొత్తవాణ్ణిగా ఉన్న రోజులలో, నల్లగొండ వైపు నుంచి బైండ్ల కథకుల బృందమొకటి ఎల్లమ్మ కథ రికార్డు చేయించడానికి వచ్చింది. ముందు నిలిచి కథ నడిపే పెద్దమనిషి ఒకరు, వంత పాడేవారు ఇద్దరు, వెనుక జమిడిక వాయించే వృద్ధుడొకరు. జమిడికను ఎరుగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. అది లోపల డొల్లగా ఉన్న చిన్న గొట్టం. ఒక మూతికి తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ గొట్టం గుండా బయటికి వచ్చి చిన్న పిడికి కట్టి ఉంటుంది. గొట్టాన్ని చంకలో ఇరికించుకొని, ఒక చేత పిడిని పట్టి తీగను బిగిస్తూ సడలిస్తూ, రెండవ చేత పుల్లతో ఆ తీగను మీటుతారు. బిగిస్తే నాదం పైకి లేస్తుంది; సడలిస్తే లోతుకు జారుతుంది. వినడానికి అది తీగ వాద్యమూ కాదు, డోలూ కాదు. రెంటి నడుమ ఏదో ఒక గొంతు.

కథ మొదలుకాగానే మీటరులోని ముల్లు ఎర్రగీతను దాటి ఎగిరిపడసాగింది. కారణం జమిడిక. కథకుని మాట స్పష్టంగా రావాలనే ఆదుర్దాలో నేను ఆ వృద్ధుణ్ణి తలుపు దగ్గరకు జరిగి కూర్చోమన్నాను. ఆయన మారుమాటాడలేదు, లేచి వెళ్తూ మాత్రం, "పాట ఒంటిదైతది గద సారూ" అన్నాడు. నేను పట్టించుకోలేదు. రికార్డింగు చక్కగా వచ్చిందని పై అధికారులు మెచ్చుకున్నారు కూడా. ప్రసారమైన రాత్రి ఇంట్లో కూర్చుని విన్నాను. ప్రతి అక్షరమూ విస్పష్టంగా వినబడుతున్నది. కథ మాత్రం కదలడం లేదు. కథకుడు ఎంత గొంతెత్తినా అది గాలిలో వ్రేలాడుతున్నట్లే ఉన్నది. గోడలూ కప్పూ నిలబెట్టి, నేల వేయడం మరచిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉన్నది.

ఆ వృద్ధుడు తరువాత కొద్దికాలానికే గతించాడని తెలిసింది. క్షమాపణ చెప్పుకునే అవకాశం నాకు దొరకలేదు.

ఈ సంగతి మహబూబ్‌నగర్‌లో ఉండే ఒక మిత్రునితో చెప్పుకున్నాను. అతడు బేస్ గిటార్ వాయిస్తాడు. పెళ్లి ఆర్కెస్ట్రాలలో, చర్చిలలో వాయించి, ఇప్పుడు సాయంకాలాలు పిల్లలకు ఆ వాద్యం నేర్పుతున్నాడు. నా కథంతా విని నవ్వలేదు. "అన్నా, పాటలో కింద ఏమున్నదో వినడం నీకెవరూ నేర్పలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు. నేను నేర్పేది అదొక్కటే" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి అతని పాఠాలు జరిగే గదిలో చాలా సాయంకాలాలు కూర్చోవలసి వచ్చింది. అక్కడ చూసినదీ, విన్నదీ ఈ ప్రసంగంలో చెప్పదలచాను.

బేస్ గిటార్ మనకు కొత్త వాద్యం. ప్రపంచానికీ అది పాతది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన 1951లో దానిని విపణిలోకి తెచ్చాడు. అంతకు ముందు మంద్రస్థాయిని పలికించే పని మనిషంత ఎత్తున నిలబడే పెద్ద వయొలిన్ వంటి డబుల్ బేస్‌ది. దాని మీద మెట్లుండవు. స్వరస్థానాన్ని వ్రేలు తనంతట తానే వెతుక్కోవాలి. ఫెండర్ గిటార్‌కు వలె మెట్లు దిగగొట్టి, స్వరం గురి తప్పదు కనుక దానికి ప్రిసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. తీగలు నాలుగు. ఒక తీగకూ దాని పై తీగకూ నడుమ దూరం షడ్జం నుంచి శుద్ధ మధ్యమానికి ఉన్నంత. తీగ పొడవు 34 అంగుళాలు. అన్నిటికంటే లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మూడు శ్రుతిలో కట్టిన మన వీణ మీది మంద్ర తీగ 82 సార్లు కంపిస్తుంది. అంటే వీణ మంద్రానికి మరొక స్థాయి దిగువ నుంచి ఈ వాద్యం మాట్లాడుతుందన్నమాట.

ఇక్కడ రేడియో ఉన్న గృహస్థులకు సంబంధించిన విషయమొకటి ఉన్నది. మీ ఇంట్లోని చిన్న రేడియో పెట్టె 41 కంపనాల నాదాన్ని పలకలేదు. దాని స్పీకరు అందుకు చాలదు. అయినా ఆ నాదం ఉన్నట్లే మనకు తోస్తుంది. కారణమేమంటే, ఏ తీగ మోగినా దాని అసలు నాదంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగంతో కంపించే అనుస్వరాలు కూడా పుడతాయి. 82, 123, 164 అంటూ పైకి వెళ్లే ఆ అనుస్వరాలను చిన్న స్పీకరు కొంతవరకు పలుకుతుంది. వాటిని విన్న మన చెవి, వీటికి మూలమైనది కింద ఉండి తీరాలని తానే ఊహించి, లేని నాదాన్ని పూరించుకుంటుంది. అనుస్వరాలు కూడా లేకుండా చేస్తే పూరించుకోవడానికి ఆధారమే ఉండదు. జమిడికను తలుపు దగ్గరకు పంపి నేను చేసిన పని అదే. (రేడియోను గది మూలకు చేర్చి పెట్టి చూడండి, గోడల ఆసరాతో కింది నాదాలు కొంత బలపడతాయి. ఈ చిట్కాకు ఖర్చు లేదు.)

మిత్రుని తరగతిలో ఆరుగురు విద్యార్థులు, రెండు గిటార్లు. ఫీజు ఇంత అని లేదు. వారిలో ముగ్గురు చర్చి గాయక బృందాల నుంచి వచ్చినవారు. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుంచే బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన ఈ జిల్లాలలో చర్చి పాటకు కింది గొంతు ఒకటి ఉంటుందనే ఎరుక కొందరికి ఇంట్లోనే అబ్బుతుంది. మిగిలినవారు సినిమా పాటల వల్ల, చేతిలోని ఫోనులో చూసిన వాద్య విన్యాసాల వల్ల వచ్చినవారు. వచ్చినవారందరికీ వేగం కావాలి. బొటనవ్రేలితో తీగను కొట్టి, చూపుడువ్రేలితో లాగి వదిలి, టపటపమనిపించే వాయింపు కావాలి. ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన లారీ గ్రహం, తన తల్లితో కలిసి వాయించే రోజులలో డ్రమ్ము వాయించే మనిషి లేక, ఆ లోటు పూడ్చడానికి తీగలనే డ్రమ్ముల వలె కొట్టడం మొదలుపెట్టాడు. మిత్రుడు ఈ కథ చెప్పి, "ఆయనకు డ్రమ్ము లేదు, కొట్టిండు. మీకు డ్రమ్మున్నది, ఎందుకు కొడుతున్నరు?" అని అడుగుతాడు. పిల్లలు నవ్వుతారు, మరునాడు మళ్లీ కొడతారు.

మొదటి పాఠంలో గిటార్ గోడకే ఉంటుంది. ఒక పాట పెడతాడు. అందరూ కళ్లు మూసుకొని, పై గొంతును విడిచిపెట్టి, అన్నిటికంటే కింద వినవచ్చే స్వరాన్ని పట్టుకొని హమ్ చేయాలి. వినడానికి ఇది సులువుగా తోస్తుంది. నేను కూడా ప్రయత్నించాను. ముప్ఫై ఏళ్లుగా పాటలు వింటున్నవాణ్ణి, పల్లవి పూర్తయ్యేసరికి రెండుసార్లు పై గొంతు వెంట కొట్టుకుపోయాను. మనం పాటను మాట కోసం వింటాం. మాట పైన ఉంటుంది. చెవిని అక్కడినుంచి కిందికి దింపడం మాటను మరచిపోవడం వంటిది. అందుకు అభ్యాసం కావాలి. కొందరికి వారం పడుతుంది, కొందరికి నెల.

తరువాత ఒకే తీగ, ఒకే స్వరం. నలభై రోజులు. బతుకమ్మ పాట ఒకటి అందరికీ వచ్చినది ఎన్నుకుంటాడు. ఆడపిల్లలు ఇద్దరున్నారు, వారు చప్పట్లతో పాడతారు. గిటార్ పట్టుకున్నవాడు షడ్జమొక్కటే వాయించాలి. ఎక్కడ వాయించాలో, ఎక్కడ ఊరుకోవాలో మాత్రం తానే నిర్ణయించుకోవాలి. ప్రతివాడూ మొదట చప్పట్టు పడిన ప్రతిచోటా తీగను మీటుతాడు. "చప్పట్లున్న చోట నీ తీగ ఎందుకు? అది చేసే పనే నువ్వు చేస్తే నువ్వు లేకున్నా నడుస్తది" అంటాడు మిత్రుడు. అప్పుడు చప్పట్ల నడుమ వాయిస్తారు, పాట కుంటుతుంది. కొన్నాళ్లకు ఎవరో ఒకరు చరణం మొదట ఒక్కసారి మీటి, తక్కినదంతా ఆ నాదం తనంతట తాను తగ్గిపోయేవరకు విడిచిపెడతారు. చప్పట్లు హఠాత్తుగా కాళ్ల కింద నేల దొరికినట్లు మోగుతాయి. ఆ క్షణం నేను రెండుసార్లు చూశాను. వాయించినవాని కంటే పాడే అమ్మాయిలకే ముందు తెలుస్తుంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తి చూస్తారు.

మీటడం సగం విద్య, ఆపడం తక్కిన సగం. లావు తీగ మోగుతూనే ఉంటుంది. దానిని ఆపకపోతే ఒక స్వరం మరొకదానిలో కలిసి బురద అవుతుంది. కుడిచేతి వ్రేళ్లు, ఎడమచేతి వ్రేళ్లు, అరచేతి అంచు, ఇవన్నీ వాయించని తీగలను అదుపులో ఉంచడానికే ఎక్కువగా పనిచేస్తాయి. చూసేవారికి ఇది కనిపించదు. ఫోనులో చూసి నేర్చినవారికి ఇందువల్లనే చిక్కు వస్తుంది. కదిలే వ్రేలు తెర మీద కనిపిస్తుంది గాని, తీగను ఊరక తాకి నిలిచిన వ్రేలు కనిపించదు.

ఈ వాద్యాన్ని నేర్పడంలో ప్రసిద్ధికెక్కిన కరోల్ కే అనే విదుషీమణి ఉన్నారు. 1935లో జన్మించారు. చిన్ననాటినుంచి గిటార్ నేర్పి బ్రతికినవారు. ఒకనాడు లాస్ ఏంజెలెస్ స్టూడియోకు బేస్ వాయించే మనిషి రాకపోతే ఆ గిటార్ ఆమె చేతికి వచ్చింది; ఆ తరువాత వేల రికార్డింగులలో వాయించారు. 1969లో ఈ వాద్యానికి ఒక బోధిని వెలువరించారు. ఆమె బోధనలో రెండు సూత్రాలు నా మిత్రుడు గట్టిగా పట్టుకున్నాడు. ఒకటి, స్వరాలను వరుసగా మెట్లెక్కినట్లు వల్లించడం కాక, పాటకు ఆధారమైన షడ్జ, గాంధార, పంచమాలను మొదట చేతికి తెచ్చుకోవడం. రెండవది, తాళయంత్రం నాలుగు మాత్రలూ కొట్టకుండా రెండవదీ నాలుగవదీ మాత్రమే కొట్టేట్లు పెట్టుకొని, ఒకటవదానినీ మూడవదానినీ విద్యార్థి తన లోపలినుంచి తెచ్చుకోవడం. సరళీ స్వరాలతో పెరిగిన నాకు మొదటిది రుచించలేదు. మెట్లెక్కనివాడు మేడ ఎలా ఎక్కుతాడని వాదించాను. మిత్రుడు వాదానికి దిగలేదు. "మేడ పైవానిది అన్నా, మనది పునాది" అన్నాడు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. సరళీ వరుసలు చెవికి ఇచ్చే నిలకడ వేరొకదానితో రాదని నా నమ్మకం. అయితే అతని విద్యార్థులు మూడు నెలలలో పాట వెంట నడవగలుగుతున్నారని ఒప్పుకోక తప్పదు.

చేతి విషయంలో అతడు చాలా జాగ్రత్తపరుడు. 34 అంగుళాల తీగ మీద మొదటి మెట్టు దాదాపు ఐదు సెంటీమీటర్ల వెడల్పుంటుంది. ఐదవ మెట్టు నాలుగు సెంటీమీటర్లకు లోపు. కనుక పిల్లలను పైనుంచి కిందికి కాక ఐదవ మెట్టు దగ్గర ప్రారంభిస్తాడు. చెయ్యి సాగినకొద్దీ కిందికి దించుతాడు. కింది మెట్ల దగ్గర నాలుగు వ్రేళ్లనూ నాలుగు మెట్ల మీద చాచమనడు. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు, ఈ మూడింటితోనే పనిచేయమంటాడు. ఉంగరపువ్రేలు చిటికెనవ్రేలికి దన్నుగా మాత్రమే ఉంటుంది. ఇది వియన్నాలో డబుల్ బేస్ నేర్పిన ఫ్రాంజ్ సిమాండల్ పద్ధతి. ఆయన 1912లో మరణించాడు. బేస్ గిటార్ పుట్టడానికి నలభై ఏళ్ల ముందే గతించిన గురువు పాఠం పాలమూరులో ఒక గదిలో నడుస్తున్నదంటే నాకు ముచ్చటగా ఉంటుంది.

ఇక ఆ తరగతిలోని ఒక విద్యార్థి సంగతి చెప్పాలి. పేరూ ఊరూ చెప్పను. నల్లగొండ జిల్లా పడమటి కొసన ఉన్న గ్రామం నుంచి వచ్చినవాడు, డిగ్రీ చదువుతున్నాడు. జమిడిక వాయించే కుటుంబం. ఇది అతడు మొదట చెప్పలేదు. గిటార్ పట్టిన మొదటి దినాలలో అతడు ఏ స్వరాన్నీ నేరుగా పలికేవాడు కాదు. కిందినుంచి జారుతూ వచ్చి స్వరం మీద నిలిచేవాడు, నిలిచిన తరువాత కూడా తీగను పక్కకు లాగి కొంచెం కదిలించేవాడు. మిత్రుడు ఇది అపశ్రుతి అని రెండు వారాలు దిద్దాడు. వ్రేలు మెట్టుకు ఆనించి నొక్కు, లాగకు, అన్నాడు. పిల్లవాడు విధేయంగా దిద్దుకున్నాడు. దిద్దుకున్న కొద్దీ వాయింపు చచ్చుబడింది. ఒకనాడు పాఠం అయిపోయాక, ఎవరూ వినడం లేదనుకొని, మళ్లీ జారుస్తూ వాయించుకుంటున్నాడు. మిత్రుడు వాకిట్లో నిలబడి విన్నాడు. ఎక్కడ నేర్చినావురా అని అడిగాడు. "మా తాత గిట్లనే పలికిస్తడు సార్, జమిడిక మీద. మెట్లుండయి గద దానికి" అన్నాడు.

మెట్లు లేని వాద్యం నుంచి వచ్చిన చేతికి మెట్లు కళ్లెం అయినాయన్నమాట. స్వరం గురి తప్పకూడదని ఫెండర్ 1951లో మెట్లు పెట్టగా, అదే సంవత్సరం పుట్టిన జాకో పాస్టోరియస్ అనే వాదకుడు పెద్దవాడై తన గిటార్‌లోని మెట్లను పీకివేసి, ఆ సందులు పూడ్చి వాయించాడు. 1976లో అతని వాదనం విన్న తరువాత బేస్ గిటార్ పాడగలదని లోకానికి తెలిసింది. మిత్రుని దగ్గర మెడ కొంచెం వంగిన పాత గిటార్ ఒకటి మూల పడి ఉన్నది. దాని మెట్లు ఒక్కొక్కటే ఊడదీసి, గాట్లలో సన్నని చెక్క పేళ్లు దూర్చి జిగురు పెట్టి, నునుపు చేసి, ఆ పిల్లవాని చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు రెండు వారాలు తాను చెప్పింది తప్పని కూడా చెప్పాడు. శిష్యునితో ఆ మాట చెప్పిన గురువులను నేను ఎక్కువమందిని చూడలేదు.

ఇదే తరుణంలో నాకు జేమ్స్ జేమర్సన్ జ్ఞాపకం వస్తాడు. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ సంస్థ పాటలకు 1960లలో బేస్ వాయించినవాడు. ఎందరో విద్వాంసులు గురుతుల్యుడుగా భావించే ఆయన కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కదానితోనే మీటేవాడు. దక్షిణ కరొలైనాలో గడిచిన చిన్నతనంలో భూమిలో పుల్ల గుచ్చి దానికి తీగ వంటిది కట్టి మీటి, చీమలను ఆడిస్తున్నానని చెప్పుకునేవాడట. జీవించి ఉండగా ఆయన పేరు ఎరిగిన శ్రోతలు తక్కువ. ఎన్నో రికార్డుల మీద ఆ పేరే ఉండేది కాదు. 1983లో మరణించాడు. 1989లో ఆయన వాయించిన పాటలను స్వరపరచి, జీవితకథతో కలిపి ఒక పుస్తకం వచ్చింది. అప్పటినుంచి ఆయన శిష్యులు పుడుతూనే ఉన్నారు. గురువు పోయిన తరువాత విద్యార్థులు దొరకడం ఆ వాద్యం అదృష్టం. కాగితం మీదికి ఎక్కడం వల్ల కలిగిన అదృష్టం.

మన వైపు చూస్తే గుండె కొంచెం బరువవుతుంది. పాత పాలమూరు జిల్లాలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. వెదురు దండి, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు. డక్కలివారి ఇళ్లలో తండ్రినుంచి కొడుకుకు వచ్చిన విద్య. పండుగ సాయన్న వీరగాథ ఆ తీగల మీదనే ఊరూరా తిరిగింది. 2021లో భీమ్లా నాయక్ చిత్రగీతంలో ఆయన గొంతు రాష్ట్రమంతా విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎనిమిదవ తరగతి పాఠ్యపుస్తకంలో ఆయనను గురించి పాఠమున్నది. అదే జిల్లా నుంచి విడివడిన నారాయణపేటలో, దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ మీద తత్త్వాలు పాడతారు; ఆయనకు 2024లో పద్మశ్రీ లభించింది. కిన్నెరను గురించి పాఠమున్నది గాని కిన్నెరకు పాఠం లేదు. మొదటి నెల ఏమి నేర్పాలి, వ్రేలు ఎక్కడ పెట్టాలి, ఏ పాట ముందు, ఏది తరువాత, అని చెప్పే వరుస ఎవరూ కట్టలేదు. తండ్రి పక్కన పదేళ్లు కూర్చున్న కొడుక్కి ఆ వరుస అక్కరలేదు. కొడుకులు కూలికి పోయినప్పుడు, బయటినుంచి ఒక పిల్లవాడు వచ్చి నేర్పండి అన్నప్పుడు కావలసివస్తుంది. పాశ్చాత్య వాద్యానికి వియన్నానుంచి వచ్చిన వ్రేళ్ల లెక్క ఉన్నది, లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చిన బోధిని ఉన్నది. లింగాల వాద్యానికి లేదు. బిరుదులకంటే ముందు ఇది జరుగవలసిన పని అని నా అభిప్రాయం.

వ్రాత గురించి మిత్రునికీ నాకూ చాలాకాలం పడలేదు. చెవితో నేర్చినది చెవిలోనే ఉండాలి, కాగితం చూస్తే కళ్లు వాయిస్తాయి, అని అతని పట్టు. కనీసం నాలుగు నెలలు ఎవరినీ ఏమీ వ్రాసుకోనిచ్చేవాడు కాదు. ఆ పట్టు సడలించినవాడు నేను కాను, ఆ జమిడిక ఇంటి పిల్లవాడు. దసరా దాటగానే అతని తల్లిదండ్రులు పుణెకు కట్టడం పనికి బయలుదేరారు. తండ్రికి నడుము పట్టుకోవడంతో ఆ ఏడు ఇతడు కూడా వెళ్లవలసి వచ్చింది. వెళ్లే ముందురోజు వచ్చి, "రాసియ్యుండ్రి సార్. ఆడ నాకెవరు గుర్తు చేస్తరు?" అన్నాడు. మిత్రుడు ఆ రాత్రి కూర్చుని నోటుపుస్తకం నిండా స్వరాలు వ్రాశాడు. మన పద్ధతిలోనే, తెలుగు అక్షరాలలో. మంద్రానికి అక్షరం కింద ఒక చుక్క, అనుమంద్రానికి రెండు. ఊరుకోవలసిన చోట అడ్డగీత. జారవలసిన చోట వంపుగీత. ఆ గుర్తు అతడు ఆ పిల్లవాని కోసమే కల్పించుకున్నది. గిటార్ తీసుకుపోవడానికి లేదు. సిమెంటు బస్తాల నడుమ దానిని ఎక్కడ పెట్టుకుంటాడు? పాడుకుంటూ, తొడ మీద వ్రేళ్లు ఆడించుకుంటూ సాధన చేయమన్నాడు.

ఆరు నెలల తరువాత పిల్లవాడు తిరిగి వచ్చాడు. అరచేతులు సిమెంటుకు కాయలు కాచి, వ్రేళ్లు బిగుసుకుపోయి ఉన్నవి. మొదటి వారం తీగ సరిగా లొంగలేదు. చెవి మాత్రం వెళ్లినప్పటికంటే లోతుకు దిగి ఉన్నదని మిత్రుడు నాతో అన్నాడు. నోటుపుస్తకం చూపించమన్నాను. అట్టకు సున్నం మరకలు. వంపుగీతలు మిత్రుడు వ్రాసినవాటికంటే రెట్టింపు ఉన్నవి. తక్కినవి ఆ పిల్లవాడు తానే పెన్సిలుతో చేర్చుకున్నాడు.

గత వేసవిలో మళ్లీ ఒక ఎల్లమ్మ కథ రికార్డు చేసే అవకాశం నాకు కలిగింది. వేరే బృందం. ఈసారి జమిడిక వాయించే ఆయనను నడుమ కూర్చోబెట్టాను. తోలు మూతికి జానెడు దూరంలో మైకు ఒకటి పెట్టించి, కథకునినే రెండడుగులు వెనుకకు జరగమని వేడుకున్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ముల్లు ఎర్రగీత తాకింది. కథకుని మైకు తగ్గించి సరిపెట్టాను, జమిడిక జోలికి పోలేదు. ప్రసారమైన రాత్రి, పెద్ద సెట్టు మీద కాక, వంటింటి గూటిలో ఉండే చిన్న రేడియోలో విన్నాను. ఆ లోతు నాదం ఆ చిన్న పెట్టెనుంచి నిజంగా వచ్చినదో, నా చెవే పూరించుకున్నదో చెప్పలేను.